దారి అడిగే మామగారు

మామగారికి దారి అడగడమంటే ప్రాణం. తెలియని చోటికే కాదు, తెలిసిన చోటికీ అడుగుతారు. చేరుకున్నాక కూడా అడుగుతారు. ఒకసారి అత్తగారితో మందుల షాపుకెళ్ళి, మెట్ల మీద నిలబడి, ఆ షాపాయన్నే "మందుల షాపు ఎటండీ?" అన్నారు. మరోసారి అత్తగారితో షికారుకు వెళ్ళి వస్తూ, వీధి మొదట్లో కొత్తగా దిగినాయన్ని పట్టుకుని తమ ఇల్లెక్కడని వాకబు చేశారు. ఆయన జాలిపడి ఇద్దరినీ గుమ్మం దాకా దిగబెట్టి, "పెద్దాయన్ని అలా వదిలేయకండమ్మా," అని తలుపు తీసిన కోడలికి మెత్తగా చీవాట్లు పెట్టి వెళ్ళాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అలాంటి మనిషిని నగరంలోని పెద్ద కళాకేంద్రానికి తీసుకెళ్ళే భారం ఆ కోడలి మీదే పడింది. ఆడపడుచు అక్కడ మొదటిసారి వయొలిన్ వాయిస్తోంది. మొట్టమొదటి అంశం ఆమెదే. మూడో గంట కొట్టాక తలుపులు మూసేస్తే, విరామం దాకా చీమను కూడా రానివ్వరట. కూతురి కచేరీ తప్పిపోతే అత్తగారు జన్మలో క్షమించరు.

కోడలు వారం ముందే భోజనాల బల్ల మీద ఫోన్లో మ్యాపు తెరిచింది.

"ఆగమ్మాయ్, నేను కనుక్కొచ్చాను," అన్నారు మామగారు. "గేటు దాటాక ఎడమవైపని మంగలి చెప్పాడు. కుడివైపని కూరగాయలాయన. పళ్ళ డాక్టరేమో అసలు ఆ గేటే కాదన్నాడు."

"నోట్లో పనిముట్లు పెట్టుంటే ఎలా అడిగారు మామయ్యగారూ?"

"చేతులున్నాయి కదమ్మా!"

మ్యాపులో ఉన్న కాస్త దారీ కోడలి బుర్రలోంచి ఎగిరిపోయింది. "లోపల చాలా నడవాలట, గేటు దగ్గర చక్రాల కుర్చీ ఇస్తారట అత్తయ్యగారూ," అంది.

"ఎవరికి? నీకా?" అన్నారు అత్తగారు.

"పోనీ, లిఫ్టుంది."

"లిఫ్టు ముసలాళ్ళకి."

కచేరీ రోజు కోడలి భర్త చెల్లెలికి తోడుగా ముందే వెళ్ళిపోయాడు. మిగతా ముగ్గురూ గేటు దగ్గర దిగారో లేదో, మామగారు మొదలుపెట్టారు. తోటమాలిని అడిగారు. అతను తన మొక్కల కష్టాలన్నీ చెప్పుకునేదాకా అత్తగారు విసుక్కుంటూ పక్కనే ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. తర్వాత టికెట్లమ్మాయిని అడిగారు. ఆ తర్వాత, తామే దారి తప్పి దిక్కులు చూస్తున్న ఒక జంటను అడిగారు. అక్కడున్న విగ్రహం ఒక్కటే బతికిపోయింది.

లోపలి ద్వారం దగ్గర కాపలాదారు నవ్వాడు. "నిన్నంతా తిరిగి చూసుకెళ్ళారుగా సార్! మళ్ళీ దారేంటి?"

"నిన్నటి దారి నిన్నటిదేనయ్యా," అన్నారు మామగారు.

కోడలికి అయోమయంగా ఉంది. నిన్న వచ్చారా? మరి ఈ అడగడాలేమిటి?

రెండో గంట కొట్టింది. హాలు పైన ఉంది. ముగ్గురూ మెట్లెక్కుతుండగా, సగంలో మామగారు టక్కున ఆగారు. అటూ ఇటూ చూశారు. అడగడానికి నరమానవుడు లేడు. చేసేది లేక కోడలి వైపు తిరిగారు.

"అమ్మాయ్, హాలు ఎటు?"

హాలు తలుపు మెట్ల చివర ఎదురుగానే ఉంది, గజమెత్తు అక్షరాలతో సహా. కోడలికి ఒళ్ళు మండింది. నోరు తెరవబోయి, పక్కన అత్తగారిని చూసింది. ఆవిడ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఎవరికీ వినపడకుండా రొప్పుతున్నారు. కోడలికి మందుల షాపు మెట్లు, వీధి మొదలు, తోటమాలి, బెంచీ, నిన్న వచ్చి చూసుకెళ్ళడం అన్నీ అర్థమయ్యాయి. నవ్వొచ్చింది. మామగారి మీద ఎక్కడలేని అభిమానమూ పుట్టింది.

"నాకూ తెలియట్లేదు మామయ్యగారూ. కాస్త ఆగి ఆలోచిద్దాం."

"నిదానంగా ఆలోచించమ్మా, తొందరేం లేదు."

ఇద్దరూ శ్రద్ధగా గోడలు చూస్తూ నిలబడ్డారు. అత్తగారి ఊపిరి కుదుటపడింది.

"సరిపోయారు ఇద్దరికిద్దరూ!" అన్నారావిడ. "ఎదురుగా అంత తలుపుంటే కళ్ళు కనపడట్లేదా? నా వెనకాల రండి!"

మూడో గంట మోగుతుండగా ముగ్గురూ లోపల పడ్డారు. తలుపు మూస్తున్న అమ్మాయి, "సీట్లు ఎటో చూపించమంటారా సార్?" అంది.

"అక్కర్లేదమ్మా," అన్నారు మామగారు. "మా ఆవిడకి తెలుసు."