అచ్చు వేయవద్దన్న మనిషి మా ఇంటికి వచ్చిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పేవాళ్ళు చాలామంది జబ్బుతో మొదలుపెట్టి స్వస్థతతో ముగిస్తారు, నాకు మాత్రం మా ఇంటాయన చావు నోట్లోనుంచి లేచి వచ్చి మళ్ళీ మగ్గం ముందర కూర్చున్న తరువాతనే చీకటి కాలం మొదలైంది. ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంది, పొయ్యి మండుతూనే ఉంది, అయినా నా లోపల ఏమీ కనిపించేది కాదు. ఇదేమి వింత అని మీరు అడుగుతారు, నన్ను నేనే అలాగే ప్రశ్నించుకున్నాను, ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు కరుణమ్మ, ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మను, మా ఇంటాయన యోహాను చీరలు నేస్తాడు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక చలికాలం ఆయనకు జ్వరం పట్టుకుని, దగ్గి దగ్గి ఊపిరి అందక, గుండెలో పోటు పొడుస్తోందని మెలికలు తిరిగిపోతుంటే, బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి ఆదోని మిషను ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి న్యుమోనియా అంది, ఇంగ్లండు సీమ నుంచి కొత్త మాత్రలు వచ్చాయి, వేసి చూస్తాను, ఆ తరువాత దేవుని చిత్తం అంది. ఆ సాయంత్రమే సంఘపు అయ్యగారు వచ్చి మంచం పక్కన మోకరించి, ఆయన రొమ్ము మీద చేయి ఉంచి, కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. తెల్లవారేటప్పటికి ఆయన ఒళ్ళంతా చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది, కళ్ళు తెరిచి గంజి అడిగాడు. దేవునికే మహిమ!

ఆ సంతోషం పట్టలేక నేను దాన్ని ఒక చిన్న పుస్తకంగా రాశాను. ఆదోనిలో పత్తి గోదాముల సందులో మన క్రైస్తవ పుస్తకాలు అచ్చువేసే పుస్తకశాల ఒకటి ఉండేది, దాని సంపాదకులు దేవసహాయం గారు, నెమ్మదైన మనిషి, పత్తి వచ్చే కాలంలో దూది ఎగిరి తడి అక్షరాల మీద పడుతుందని ఎండలోనూ కిటికీలు మూసుకుని పని చేసేవారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ పుస్తకం రాసి ఇచ్చినా ముగ్గురు పరిశీలకులకు పంపేవారు, ఒకరు బోధ వాక్యానుసారంగా ఉందా అని చూస్తారు, ఒకరు చెప్పిన సంగతులు సరైనవేనా అని చూస్తారు, ఇంకొకరు మామూలుగా పుస్తకాలు చదువుకునే మనిషిలా చదివి తన మనసుకు తోచింది రాస్తారు. వాళ్ళ పేర్లు రచయితకు చెప్పరు. ఆదోనిలో ఒకరి చేతిరాత ఇంకొకరికి తెలియకుండా ఉండదు కదా, అందుకని దేవసహాయం గారు ఆ అభిప్రాయాలన్నీ తన చేత్తో తిరగరాసి పంపేవారు. రచయిత మనసు నొచ్చుకోకూడదు, పరిశీలకుడు భయపడకూడదు అని ఆయన ఉద్దేశం.

నా పుస్తకం మీద వచ్చిన అభిప్రాయాలు బడిలోనే విప్పి చదివాను. మొదటివారు, ప్రార్థన గురించి ఇంకా వివరంగా రాయండి, మాత్రల సంగతి తీసేయండి, దేవునికి రావలసిన మహిమను మందుకు పంచిపెట్టకూడదు అన్నారు. రెండోవారు, మాత్రల సంగతి స్పష్టంగా రాయండి, లేకపోతే పల్లెల్లో ఈ పుస్తకం చదివినవాళ్ళు రోగిని ఆసుపత్రికి తేకుండా ఇంట్లోనే ఉంచి చంపుకుంటారు అన్నారు. మూడోవారు ఒక్క వాక్యమే రాశారు. దీన్ని అచ్చు వేయవద్దని నా మనవి అని. కారణం లేదు. కింద సంపాదకుల మాట, మీకు నిజమని తోచినట్టు దిద్ది పంపండి, కాగితం దొరకడం కష్టంగా ఉంది గనుక వేసవిలోగా అందితే మేలు అని.

నాకు నిజమని తోచినట్టు! సహోదరులారా, అక్కడే నేను చిక్కుకుపోయాను. మొదటివారు చెప్పినట్టు రాసి చదువుకుంటే అబద్ధంలా వినిపించింది, రెండోవారు చెప్పినట్టు రాస్తే ఆసుపత్రివాళ్ళ కాగితంలా ఉంది, రెండూ కలిపి రాస్తే ఎవరో ఇద్దరు నా నోట్లోనుంచి పోట్లాడుకున్నట్టు ఉంది. అంతకంటే ఘోరం ఏమంటే, ఇన్నిసార్లు తిరగరాసిన తరువాత ఆ సాయంత్రం అసలు ఏది ముందు జరిగిందో నాకు గుర్తు రాకుండా పోయింది. మాత్రలు వేసిన తరువాత ప్రార్థన చేశారా, ప్రార్థన అయిన తరువాత మాత్రలు వేశారా? అయ్యగారిని అడిగితే ప్రార్థనే ముందన్నారు. ఆసుపత్రి నర్సమ్మను అడిగితే, అయ్యగారు వచ్చేసరికే మందు లోపలికి పోయింది కదమ్మా అంది, మళ్ళీ తనే, కాదేమో, ఆ పూట ఇద్దరు రోగులుండిరి, కలిసిపోయి ఉంటుంది అంది. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. చివరికి మా ఇంటాయన్నే అడిగాను. ఆయన మగ్గం కండెకు దారం చుట్టుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు.

"నన్నడిగితే ఏం సెప్పేదే? మంచం మీద ఉండింది నేనే గానీ, నేను ఆడ లేను గదా."

నవ్వు రావలసిన మాటకు నాకు ఏడుపు వచ్చింది. స్త్రీల కూటంలో నన్ను ప్రార్థన చేయమంటే లేచి నిలబడ్డాను, ఎవరికి కృతజ్ఞత చెప్పాలో, దేనికి చెప్పాలో నోటికి మాట రాలేదు, అలాగే కాసేపు నిలబడి కూర్చుండిపోయాను. ఒంట్లో బాగాలేదేమో అనుకుని పక్కావిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ తరువాత ఇంట్లో కూడా ప్రార్థన చేయలేకపోయాను. ప్రార్థనకు జవాబు వచ్చిందని పుస్తకం రాసిన మనిషిని, ప్రార్థన చేయలేని మనిషినయ్యాను.

ఇంక ఓపలేక ఆదోనికి పోయి దేవసహాయం గారి ముందర నిలబడి, నా పుస్తకం నాకిచ్చేయండి, నేను రాయలేను అన్నాను. మీరు చదివారు కదా, మీరైనా చెప్పండి, ఏది నిజం అని కూడా అడిగాను. తాను చదివిన ప్రతిసారీ తనకు ఒక్కో రకంగా తోచిందని ఆయన ఒప్పుకున్నారు. ఆ తరువాత ఇలా అన్నారు.

"పుస్తకం మీది, ఇప్పుడే ఇచ్చేయమన్నా ఇచ్చేస్తాను. కానీ మూడో ఆయన ఎందుకట్ల రాసినాడో నాకూ తెలీదమ్మా. ఎన్నో ఏండ్ల నుంచి మాకు చదివి పెడతాండాడు, ఎప్పుడూ కారణం లేకుండా రాయలేదు. ఆయన్ని అడిగేదాకా ఓపిక పట్టండి."

పేరు మాత్రం చెప్పలేదు. నేను ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

కొన్ని వారాల తరువాత ఒక శనివారం మధ్యాహ్నం, పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సు దిగి, పంచె నిండా మసితో, చేతిలో గొడుగుతో ఒక పెద్దాయన మా వీధిలో ఇల్లు అడుగుతూ వచ్చాడు. ఆయన ఆదోని బడిలో తెలుగు చెప్పి పని విరమించిన సుందరం పంతులుగారని, అక్కడి మన దేవాలయంలో మగవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చుంటారని నాకు తెలుసు, ఎన్నడూ మాట్లాడలేదు. చాప వేసి నీళ్ళిచ్చాను. నీళ్ళు తాగి చెంబు కింద పెట్టి చెప్పాడు.

"అచ్చేయొద్దని రాసింది నేనేనమ్మా. దేవసహాయం కారణం అడిగినాడు. కాగితం మీద రాసేకి చేత కాలేదు, అందుకే వచ్చినాను."

నాకు కోపం రావలసింది, భయం వేసింది. అందులో ఏం తప్పు కనిపించింది అని అడిగాను.

"తప్పేమీ లేదు. మీ ఆయన మగవాళ్ళ వార్డులో ఉన్న దినాల్లోనే నా భార్య ఆడవాళ్ళ వార్డులో ఉండింది. అదే జబ్బు. అవే మాత్రలు. అయ్యగారు మీ ఆయనకు ప్రార్థన చేసి, వరండా దాటి మా దగ్గరికి వచ్చి, అవే మాటలతో ప్రార్థన చేసినాడు. మీ ఆయన లేచినాడు. ఆమె లేవలేదు." చెంబు కాస్త పక్కకు జరిపాడు. "మీరు ఆయనకు దుప్పటి కప్పి బండి ఎక్కించేటప్పుడు నేను ఆ వరండాలోనే ఉండినాను. మీ పుస్తకంలో ప్రతి అక్షరం నిజమేనమ్మా. అందుకే వద్దన్నాను. నా మాదిరోడు అది చదివితే, మా ఇంట్లో ప్రార్థన సరిగ్గా చేయలేదేమో అనుకుంటాడు. నేను అట్లనే అనుకుంటాండాను."

ఆ రోజు నేను ఎవరినీ చూడలేదు, బతికిన మనిషి ముఖం తప్ప నా కళ్ళకు ఏమీ ఆనలేదు. లోపలి గదిలో మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిందో కూడా నేను గమనించలేదు, తల ఎత్తి చూస్తే మా ఇంటాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఆయమ్మ కన్నా నేనేం మంచోణ్ణయ్యా? బతికినాను. యాల బతికినానో, ఎందుకోసమో నాకు తెలీదు. ఈమె దినామూ అడుగుతాంది, నేనేం సెప్పేది? లేయండి, అన్నం తినే పొద్దాయ."

ముగ్గురమూ కూర్చుని జొన్నరొట్టె, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి తిన్నాము. పంతులుగారు రొట్టె తుంచి తుంచి పక్కన పెడుతున్నాడు, మా ఇంటాయన ఆయనకు ఇంకో రొట్టె వేశాడు, వద్దంటూనే తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చిన తరువాత ఆయన నన్ను ప్రార్థన చేయమన్నాడు. ఈమధ్య నాకు ప్రార్థన రావడం లేదయ్యా అని ఉన్న మాట చెప్పేశాను.

"నాకూ రావడం లేదు," అన్నాడు. "అయినా చేయమ్మా."

ఆ చాప మీదనే మోకరించాను. ఏం చెప్పాలో తెలియకుండానే నోరు తెరిచాను, బడిలో నేర్పే మాటలు కాకుండా మా అమ్మతో మాట్లాడినట్టు నా మాటలే వచ్చాయి. "ప్రభువా, ఈయన్ను యాల బతికించినావో నాకు తెలీదు. ఆయమ్మను యాల తీసుకపోయినావో ఈ పెద్దాయనకు తెలీదు. మందు నీదే, ప్రార్థనా నీదే, ఏది ముందో నేను మరిచిపోయినాను. నాకేమీ తెలీదు తండ్రీ, తెలీకుండానే నీ ముందర కూర్చున్నాను. మమ్మల్ని ముగ్గుర్నీ వదిలిపెట్టొద్దు." అంతే, ఆమేన్ కూడా నేను చెప్పలేదు, పంతులుగారు చెప్పాడు.

సహోదరులారా, ఆ మధ్యాహ్నం నాకు జవాబు దొరికిందని చెబితే అది అబద్ధం. అయితే మరుసటి ఉదయం పొయ్యి ముట్టిస్తూ ఉంటే నాకు తెలియకుండానే ప్రార్థన చేసుకుంటున్నాను. నేను విడుదల అనేది దానినే. దేవునికి స్తోత్రం!

పుస్తకం మళ్ళీ రాశాను. మాత్రలు వేశారని రాశాను, ప్రార్థన చేశారని రాశాను, ఏది ముందో నాకు గుర్తు లేదని కూడా రాశాను. అదే ఆసుపత్రిలో, అవే దినాల్లో, అదే ప్రార్థన పొందిన ఒక సహోదరి చనిపోయిందని, ఎందుకో నాకు తెలియదని ఒక పుట రాశాను. రాసే ముందు పంతులుగారిని అడిగాను, ఆమె పేరు వద్దన్నాడు, మళ్ళీ తనే, "ఆమె గట్టిగా నవ్వేది. నలుగురిలో ఉన్నా నవ్వేది. అది రాయమ్మా, చాలు" అన్నాడు.

దేవసహాయం గారు తన పద్ధతి మానలేదు, మళ్ళీ పరిశీలకులకు పంపారు. బోధ చూసేవారు ఆ పుట తీసేయాలని, అది విశ్వాసాన్ని బలహీనపరుస్తుందని గట్టిగా రాశారు. సంపాదకులు దాన్ని తన చేత్తో రాసి నాకు పంపి, రచయితకు జవాబు చెప్పే హక్కు ఉంది అన్నారు. ఆ పుట లేకపోతే పుస్తకం మీద నా పేరు వేయవద్దని నేను జవాబు రాశాను. ఆ పెద్దవారు, ఎవరో నాకు ఈనాటికీ తెలియదు, నేను ఒప్పుకోను గాని అడ్డుపడను అని పంపారు. వారు అడ్డుపడకపోవడం కూడా దేవుని కృపే అనుకుంటాను. కాగితం కొరత వల్ల పుస్తకం కుదించవలసి వచ్చినప్పుడు అచ్చు ప్రతులు దిద్దినది సుందరం పంతులుగారే, నా గొప్ప గొప్ప మాటలన్నీ కొట్టేశాడు, ఆ పుటను మాత్రం ముట్టుకోలేదు.

పుస్తకం బయటికి వచ్చిన ఏడాదే ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక సావుకారి ఇంటి పెద్దామె నాకు కబురు చేసింది. వాళ్ళు మన దేవాలయానికి వచ్చేవాళ్ళు కారు, ఆమెకు చదువు రాదు, ఇంట్లో చిన్న కోడలు కాన్పులో పోయిందట, ఎవరో ఈ పుస్తకం సంగతి చెప్పారట. నన్ను నట్టింట్లో కూర్చోబెట్టి ఆ పుటే చదవమంది. చదివాను.

"ఆ నవ్వే ఆయమ్మ యాల చచ్చిపోయిందో మీ దేవుడు చెప్పినాడా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను.

"అయినా ఆయన కాడికి పోతాండావా?"

పోతాండానమ్మా అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితే ఇంగోసారి చదువు" అంది.

ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, అంతా అర్థమైన తరువాత దేవుని దగ్గరికి పోదామని నీవు ఆగి ఉంటే, ఆగవద్దని నిన్ను వేడుకుంటున్నాను. అడగవలసినవి మనసులో పెట్టుకునే రా, ఏడుస్తూనే రా, ఆయన మనల్ని తోసివేసేవాడు కాడు. నా భర్తను నాకిచ్చిన దేవునికి, తన దుఃఖాన్ని మోసుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చిన పెద్దాయనను పంపిన దేవునికి, ఏమీ తెలియని నా ప్రార్థనను విన్న దేవునికే సమస్త మహిమ కలుగును గాక. ఆమేన్.