గాజుపలక మీది చుక్క

ఆయన పేరు నా డైరీలో ఉంది, ఇక్కడ రాయను. నేను కడప జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో కంపౌండరుగా ఉన్నప్పుడు రాజంపేట వైపు నుంచి వచ్చిన ఆసామి. ఎవరి గురించి మాట్లాడినా వాళ్లను చేతికర్రతో చూపడం ఆయన అలవాటు. "ఇది రెండోది. ఇదీ గొడ్డుదే," అని భార్యనూ కర్రతోనే చూపించాడు. మూడో పెళ్లికి అడ్డుపడుతున్న ఆమె తండ్రికి చూపడానికి, ఆమెకు పిల్లలు పుట్టరని డాక్టరు కాగితం కావాలన్నాడు.

డాక్టరు ముందుగా ఆయన వీర్యాన్నే పరీక్షించాడు. పోల్చి చూడడానికి ఆసుపత్రి తోటమాలిది కూడా తెప్పించి, సూక్ష్మదర్శినిలో మొదట అదే చూపించాడు.

"సూడప్పా, ఎట్ల ఈదుతాండాయో! శెరువు నిండా శాపలే!" అని ఆసామి కర్రతో నేల తట్టాడు.

"అది తోటమాలిది. నీది ఇది," అని డాక్టరు పలక మార్చాడు. అందులో ఏదీ కదలలేదు. వయసొచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు దెబ్బతిన్నాయనీ, మగతనం ఉన్నా వాటిలో బీజం పుట్టదనీ చెప్పాడు.

ఆసామి వరండాలోకి వచ్చి, అక్కడ కాచుకుని ఉన్న భార్య వైపు కర్ర ఎత్తాడు.

"నాకేం కొదవ ల్యాదంట. నీ కడుపే ఎండిపోయిండాది. మీ నాయనింటికి పో."

ఆమె ఆయన వెనకే వచ్చిన నా వైపు తిరిగింది. "నిజమేనా అన్నా?"

రోగి గుట్టు బయటపెట్టకూడదని ఆసుపత్రి నియమం. అందుకు నోరు మూసుకుంటే చాలు. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆమె సద్దిమూట విప్పింది. ఆయన రొట్టెలతో పాటు తనవీ ఆయన ముందు పెట్టి, ఒక్కతే గేటు దాటి వెళ్లిపోయింది.