వంటింట్లో నిలబడ్డ స్ట్రైకర్

మొన్న ఆదివారం డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చిన పక్కింటి కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న తెనాలి అబ్బాయి, పప్పులో నెయ్యి వేసుకుంటూ మా అల్లుణ్ణి మాటవరసకి, మీరెప్పుడైనా ఫుట్‌బాల్ ఆడారా అంకుల్ అని అడిగితే, మా అల్లుడు, కొంచెం ఆడేవాణ్ణి అని ఊరుకున్నాడు. ఆ ‘కొంచెం’ నాకు అన్నం సహించనివ్వలేదు. యౌవనమంతా ధారపోసిన పనిని అంత తేలిగ్గా తీసేసే మనిషిని ఏమనాలి? అతను చెప్పుకోడు కనుక నేనే చెబుతాను.

మా అల్లుడు స్కాట్లాండ్‌వాడు. ఫుట్‌బాల్ అనగానే మనకి టీవీలో కనిపించే కోటీశ్వరులే గుర్తొస్తారు గాని, అతను ఆడింది ఆ దేశపు కింది డివిజన్లలో. పగలంతా వడ్రంగం పని, వారంలో రెండు సాయంత్రాలు సాధన, శనివారం మ్యాచ్. ఆడేది స్ట్రైకర్‌గా, అంటే గోల్ కొట్టడమే పనిగా అందరికంటే ముందు నిలబడేవాడన్నమాట. చూడటానికి వచ్చే కొద్దిమందికీ అతని పేరే కాదు, వాళ్ళమ్మ పేరు కూడా తెలుసు కనుక తిట్లు ఇంటిల్లిపాదికీ కలిపి పడేవట. నర్సుగా పనిచేసే మా అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఐర్లండ్ వచ్చాక, అప్పట్లో మేముండే షానన్‌కి దగ్గర్లో ఒక చిన్న క్లబ్బులో చేరాడు. ఇక్కడ మ్యాచ్‌లు శుక్రవారం సాయంత్రాలు. నేను ఫ్యాక్టరీ నుంచి తిన్నగా గ్రౌండ్‌కి పోయి వానలో గొడుగేసుకుని నిలబడేవాణ్ణి. నా వెనక ఎప్పుడూ నిలబడే ఒక పెద్దాయన, అల్లుడు తేలికైన గోల్ పోగొట్టినప్పుడు, అతను నా అల్లుడని తెలిసే, ఆ బంతిని మా నాయనమ్మ వాకర్ పట్టుకుని కూడా గోల్లో వేసేది అన్నాడొకసారి. అయితే ఆవిణ్ణే పంపకపోయారా అన్నాను. ఆవిడకి సోమవారం దాకా ఖాళీ లేదు అన్నాడు.

ఒక చలికాలం అతనికి గోల్స్ రావడం ఆగిపోయింది. నిక్షేపంలాంటి మనిషి మీద అన్ని కళ్ళు పడితే ఏమవుతుంది అని మా ఆవిడ, మ్యాచ్‌కి వెళ్తూ మా ఇంట్లో ఆగినవాణ్ణి వంటింట్లో తూర్పుముఖంగా నిలబెట్టి, గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని చుట్టూ తిప్పి, పెరట్లో మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యిలో పడేసింది. ఇంట్లో కాలిస్తే పొగ గంట మోగి వీధంతా బయటికొస్తుందని అప్పటికే ఆవిడకి అనుభవం. ఆరడుగుల మనిషి చేతులు కట్టుకుని, తల వంచుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఆ సాయంత్రం గోల్ కొట్టాడు. ఇంక ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఉప్పూ మిరపకాయలే.

వయసులో ఉండగా మా ఊరి సంస్కరణ సభల్లో వేదిక మీద మిరపకాయలు కాల్చి చూపించి, ఘాటు వస్తే దిష్టి లేదంటారు, రాకపోతే ఉందంటారు, నిప్పుల నడుమ వేశారా అంచున వేశారా అని మాత్రం ఎవరూ అడగరు అని గొంతు చించుకున్నవాణ్ణి నేను. అలాంటి నా వంటింట్లో ఈ తంతు! గోల్ పడితే దిష్టి పోయిందనేది మా ఆవిడ, పడకపోతే ఈసారి గట్టి దిష్టి తగిలిందనేది. ఓడిపోయే దారే లేనిది వాదన ఎలా అవుతుంది అని నేనంటే, మీకు గెలవడం కావాలి, నాకు పిల్లాడు కావాలి అనేది.

ఆ మరుసటి ఏడాది ఆటల సీజన్ ముగిసే వేళ చెల్లెలికి ఆపరేషన్ అని మా ఆవిడ గుంటూరు వెళ్ళింది. ఇక్కడేమో అతనికి మోకాలు వాస్తోంది, క్లబ్బు ఏటేటా రాసే ఒప్పందం గడువు తీరుతోంది, మేనేజరు ఆఖరి మ్యాచ్ చూసి చెబుతానన్నాడు. ఆ వయసులో ఇంకో క్లబ్బు దొరకదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. ఆ శుక్రవారం మధ్యాహ్నం, అత్తగారు లేరని తెలిసి కూడా, బ్యాగు భుజాన వేసుకుని వచ్చి వంటింట్లో ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు.

తెలుగులో అతనికి వచ్చిన మాటల్లో మావయ్య అన్నదొకటి. మావయ్యా, ఉప్పు ఎక్కడుంటుందో మీకు తెలుసా అన్నాడు. తెలుసు, కానీ నేను చెయ్యను, దానివల్ల ఏమీ రాదని నీకూ తెలుసు అన్నాను. తెలుసు, గోల్ కోసం కాదు. ఆవిడ నా చుట్టూ చెయ్యి తిప్పేంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరు, వారం మొత్తంలో నాకు అదొక్కటే, అన్నాడు.

నేనెక్కిన వేదికల మీద ఈ మాట ఎవరూ అనలేదు. ఉప్పు ముట్టుకోలేదు గాని, కుర్చీ లాగి కూర్చోమని, ఇంత పెరుగన్నం కలిపి పెట్టాను. మ్యాచ్ ముందు తినే తిండి కాదది, అయినా తిన్నాడు. మోకాలు ఎలా ఉందని అడగలేదు, మేనేజరు ఏమన్నాడని అడగలేదు. కిటికీ మీద పడుతున్న వాన చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. కాసేపటికి బిగుసుకుని ఉన్న అతని భుజాలు మెల్లగా సడలాయి.

ఆ సాయంత్రం గోల్ కొట్టాడు. అందమైనదేమీ కాదు; బంతి అతని వాచిన మోకాలికే తగిలి లోపలికి దొర్లింది. వెనకనున్న పెద్దాయన నా భుజం తట్టాడు. దిష్టి తియ్యకుండానే గోల్ పడిందని మా ఆవిడతో చెప్పడానికి మర్నాడు ఉత్సాహంగా ఫోన్ చేస్తే, ఆవిడ, ఆస్పత్రిలో కూర్చునే సెల్‌లో అతని ఫోటోకి తీశానండి, మిరపకాయలు కింద టీ కొట్టువాడి పొయ్యిలో వేయించాను, పనిచేసిందా అంది. వారం తిరక్కుండా క్లబ్బువాళ్ళు కృతజ్ఞతలు చెప్పి, చెయ్యి కలిపి, ఒప్పందం మాత్రం మళ్ళీ రాయలేదు. గోల్ చూసి అందరి కళ్ళూ పడ్డాయి అంది మా ఆవిడ.

ఇప్పుడతను కొత్త ఇళ్ళకి వంటింటి అలమారలు బిగిస్తాడు. వాటిని చూసి ఎవరూ ఈల వెయ్యరు, ఎవరూ నాయనమ్మని తీసుకురారు. ఆదివారాలు మా అమ్మాయితో, పిల్లలతో వస్తాడు, తింటాడు, ఇక్కడివాళ్ళలా అంతా గ్రాండ్, అంటే బాగానే ఉంది, అంటాడు, వెళ్తాడు. మనిషిని భయం నుంచి విడిపించాలనే జీవితమంతా వాదించాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. మా అల్లుడికి శుక్రవారాల్లో పట్టుకునే ఆ భయం పోయింది. కానీ అది ఉన్న రోజుల్లోనే అతను ఒంటరిగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పోయాక, అలా రావలసిన అవసరం అతనికి మళ్ళీ కలగలేదు.