ఎత్తివేతకు దారి లేని కాగితం

మొన్న నెల్లూరులో మందులషాపు ముందు నిలబడి ఉంటే పక్కన ఒక ముసలాయన నశ్యం డబ్బీ మూత తీశాడు. ఆ ఘాటుకు ఎవరికైనా తుమ్ము వస్తుంది. నాకు సిగ్గు వచ్చింది. ఎనభై దాటినవాడికి నడిబజారులో సిగ్గేమిటని మీరు నవ్వవచ్చు. నశ్యం వాసన తగిలితే నాకు కోట అనే ఊళ్ళోని ప్లీడరుగారి వరండా గుర్తుకొస్తుంది. ఆ వరండాలో ఒక సాయంత్రం నేనెంత గర్వంగా కూర్చున్నానో గుర్తుకొస్తుంది.

ఢిల్లీలో రాజ్యాంగం రాసిన సభలో ప్లీడరుగారు ఒక సభ్యులు. గోడల మీద పటాలకెక్కిన పేరు కాదు ఆయనది. తెరవెనుక కూర్చుని, పెద్దల వాక్యాలను సరిచేసి ఇచ్చిన మనిషి. చూపు మందగించాక కోటకు వచ్చి స్థిరపడ్డారు. నేను అక్కడికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న మా పాళెంలోనే బడిపంతులుని. చేపలు పట్టుకుని బతికే మా వాళ్ళలో మొదట అక్షరం నేర్చినవాణ్ణి. పడవెక్కితే వాంతి చేసుకునేవాణ్ణి కాబట్టి చదువుకున్నానని మా వాళ్ళ ఎగతాళి. అది నిజమే. సాయంత్రాలు సైకిలు మీద వెళ్ళి ఆయనకు పేపరు చదివి వినిపించేవాణ్ణి, ఆయన చెప్పిన ఉత్తరాలు రాసేవాణ్ణి. పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి సంవత్సరాలవి.

నాకు రాయడం నేర్పింది ఆయనే. ఒక ఉత్తరాన్ని నాలుగుసార్లు తిరగరాయించేవారు. "కుండలో నీళ్ళు పోసి యాడ కారతా ఉందో చూడమా? వాక్యాన్నీ అట్టాగే చూడాలయ్యా అయ్యవారూ" అనేవారు. ఒక్క మాట కోసం ఢిల్లీలో రోజంతా వాదులాడుకున్న సంగతులు చెబుతుంటే నేను పేపరు మడిచి వింటూ కూర్చునేవాణ్ణి. హక్కు పోయినవాడు నేరుగా పెద్ద కోర్టు మెట్లెక్కవచ్చన్న సంగతి రాజ్యాంగంలోనే ఉండి తీరాలని పట్టుబట్టినవాళ్ళలో ఆయనొకరు. "హక్కు రాసి ఊరుకుంటే సరిపోదు. అది పోయిననాడు యే తలుపు తట్టాలో కూడా రాయాల" అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు.

మా పాళెంలో కులపెద్దను కాపు అంటారు. తప్పు చేసిన ఇంటిమీద ఆయన వేసే కట్టుబాటు దురాయి. దురాయి పడిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, నీళ్ళూ నిప్పూ ఇవ్వకూడదు. అంతా నోటిమాటే. ఎనిమిది రోజులకు కాపు కోపం చల్లారేది, దురాయి కూడా చల్లారేది. ఈలోపు ఆడవాళ్ళు ఎవరూ చూడకుండా దడి మీదుగా చెంబెడు నీళ్ళు అందిస్తూనే ఉండేవాళ్ళు. కాపు చూసీ చూడనట్టు పోయేవాడు.

ఆ ఏడు కామమ్మ మొగుడు సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాలేదు. ఇద్దరు చిన్నపిల్లలు ఆమెకు. మొగుడి పడవనూ వలలనూ మరిది పట్టుకుపోతే పెద్దలు వాడి వైపే మాట్లాడారు. ఆమె కోటకు పోయి తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టింది. పాళెం తగాదా పాళెం దాటిందని పెద్దలకు మండిపోయింది. కాపు నన్ను పిలిపించి చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అబ్బయా, నోటిమాటకు విలువ లేకుండా పోతా ఉండాది. సర్కారోళ్ళు రాసినట్టు కాయితం మీద రాయి. ఎవురూ తప్పించుకోకుండా ఉండాల" అన్నాడు.

ఆ చాప మీద నేను కూర్చోవడం అదే మొదలు. రాశాను. ఎంత బాగా రాశానంటే, నీళ్ళు చేతికి ఇవ్వరాదు, దడి మీద పెట్టరాదు, పిల్లల చేత పంపరాదు అని విడివిడిగా రాశాను. మా అమ్మ ఎలా అందించేదో నాకు తెలుసు గదా. మాట్లాడినవాళ్ళకూ అదే దురాయి అని ముగించాను. కాపు వేలిముద్ర వేశాడు.

నకలు ఒకటి తీసుకుని కోటకు పోయి ప్లీడరుగారికి చదివి వినిపించాను. మెచ్చుకుంటారని నా ఆశ. నశ్యం చిటికె ముక్కు దాకా తెచ్చి ఆపేశారు.

"బాగా రాసినావు. యాడా సందు లేదు" అన్నారు.

నేను పొంగిపోయాను.

"ఆ బిడ్డ ఏం చెప్పుకునింది?"

"ఆమెను అడగలేదండీ."

"సరే. రేపు మీ కాపు మనసు మెత్తబడితే దీన్ని ఎత్తేసేది ఎట్టా?"

ఎత్తివేయడం గురించి నేను ఆలోచించనే లేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చేతిలోని నశ్యం దులిపేసుకుని తన సంగతి చెప్పారు. తెల్లవాళ్ళు ఆయన్ను విచారణ లేకుండా జైల్లో పెట్టారట. బయటికి వచ్చి సభలో కూర్చున్నాక, మన సర్కారు కూడా మనుషుల్ని అట్లా లోపల వేసేందుకు వీలిచ్చే నిబంధన వచ్చిందట.

"అందులో వాక్యాలు వదులుగా ఉన్నాయంటే బిగించి ఇచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. శానా బాగుందన్నారు. నేనూ అట్టా లోపల పడినవాణ్ణేనని ఆ పూట నాకు తోచలేదు చూడు" అన్నారు. "నువ్వు రేపు పొద్దున్నే ఇంకో కాయితం రాయి. ఆలస్యం చేయబాక."

నేను రాయలేదు. నా కాగితంలో లోపముందని నలుగురిలో ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పది రోజులకు కాపే మా ఇంటికి వచ్చాడు.

"ఆ బిడ్డను వదిలేద్దామంటే కాయితంలో వదిలేసే మాట లేదంటా ఉండారబ్బయా. వేలిముద్ర వేసి, నోటితో తీసేస్తే యేం బాగుంటది? నువ్వే ఓ మాట రాసియ్యి."

"ఆదివారం రాస్తాలే మామా" అన్నాను. ఒక్క వాక్యం పని. పెద్ద పనిమంతుడిలా ఆదివారం దాకా వాయిదా వేశాను. ఊరంతా ఆ కాగితానికి భయపడి దడి వైపు పోవడమే మానేశారు. కామమ్మ రోజూ తెల్లవారుజామునే అవతలి పాళెం వాళ్ళు ఇసుకలో తవ్వుకున్న చెలమ దాకా నడిచి బిందె తెచ్చుకునేది.

శుక్రవారం ఉదయం బడికి పోతుంటే ఆమె ఎదురైంది. తలమీద మూట, చంకలో చిన్నది, వెనక పెద్దవాడు. ఊరు విడిచి పోతోంది. నేను సైకిలు దిగాను. ఏం చెప్పాలనో నోరు తెరిచాను.

"మాట్లాడబాకన్నా. నీకూ దురాయి పడుద్ది" అని, పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది.

కృష్ణపట్నం వైపు పోయిందన్నారు కొందరు, పులికాటు వైపన్నారు కొందరు. మళ్ళీ ఎవరూ చూడలేదు. ప్లీడరుగారు రెండుసార్లు కబురు చేశారు. జ్వరమని చెప్పి పంపాను. మరుసటేడు ఆయన పోతే, అందరికంటే వెనక నిలబడి చూసి వచ్చేశాను.

ఇంతసేపూ ఒక సంగతి దాటవేస్తూ వచ్చాను. ప్లీడరుగారికి కూడా చెప్పలేదు. అర్జీ కోసం కోటకు పోకముందు కామమ్మ మా గడపలోకే వచ్చింది. "నువ్వు అర్జీ రాసి టపాలో వేస్తే నాకు అంతదూరం పోయే పని లేదన్నా" అంది. పెద్దలకు తెలిస్తే ఏమవుతుందోనని, "అర్జీలు రాయడం నాకు చేతకాదమ్మా" అన్నాను. నమ్మింది. "పోనీలే అన్నా" అని నన్నే ఓదార్చి వెళ్ళింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే చాప మీద కూర్చుని ఆమె మీద ఆ కాగితం రాశాను.

ఈనాటికీ ఎవరొచ్చి అడిగినా అర్జీ రాసిపెడతాను. చేతులు వణుకుతున్నా చేతకాదని మాత్రం అనను. రాసింది చదివి వినిపించి, కింద వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపిస్తాను. వాళ్ళు దండం పెట్టి పోతుంటే, ముఖం చూడలేక కలానికి మూత పెడుతూ ఉండిపోతాను.