బెదురుకి తగ్గ బోర్డు

ఫైబర్ అతికించే రెజిన్ వాసన వస్తే మిగతావాళ్ళు ముక్కు మూసుకుంటారు, నేను గట్టిగా ఊపిరి పీలుస్తాను. నిన్న ఋషికొండ ఒడ్డున నా షెడ్డులో, అలల మీద ఆడుకునే బోర్డుకి పగిలిన అంచు దగ్గర అతుకు వేస్తుంటే, ఆ ఘాటు గొంతులో దిగగానే ఎర్రయ్య మావ గుర్తొచ్చాడు. పక్కన పెట్టిన టీ చల్లారేదాకా అలాగే నిలబడిపోయాను. ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. మా అయ్యతో ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా సముద్రం మా అయ్యని తీసుకుపోయింది. ఆ రోజు మావ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. తర్వాత ఆయన వేట మానేసి, చేపల రేవు దగ్గర ఫైబర్ తెప్పలు చేసే షెడ్డు పెట్టాడు. పెద్దదాన్నయ్యాక నేనూ అక్కడే పనిలో చేరాను. తెప్పలకి అతుకులు వేసేదాన్నే గానీ, నీళ్ళలో పాదం పెట్టేదాన్ని కాదు. చేపలమ్ముకుని నన్ను పెంచిన మా అమ్మ తిట్టిపోసేది. "జాలారోళ్ళ గుంటవై ఉప్పునీరంటే ఆ బెదురేటే? ఇంటే నవ్వుతారు!" నవ్వితే నవ్వుకోనీ. రాత్రిళ్ళు అలల చప్పుడు వినిపించకుండా చెవుల్లో గుడ్డ కుక్కుకుని పడుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, ఋషికొండలో అలల మీద ఆడుకునే ఒకాయన తన విరిగిన బోర్డుని ఆటో మీద కట్టించుకుని మా షెడ్డుకి తెచ్చాడు. మావ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎద్దుని బేరమాడేవాడిలా వీపు తట్టాడు. "ఏటిది బాబూ, పడవా?" అన్నాడు. దీనిమీద నిలబడి తెడ్డు వేసుకుంటూ అలల మీద జారతామని ఆయన చెప్పాడు. మావకి నవ్వాగలేదు. "మా తాత తెప్ప మీద సేసిందదే గదా! ఆట అని ఆయనకెవులూ సెప్పనేదు, పాపం." అతుకు వేసి పంపేశాక నావైపు తిరిగాడు. "అమ్మీ, నీకోటి సేత్తాను."

"సస్తే ఎక్కను మావా."

"సచ్చినోళ్ళు ఎలాగా ఎక్కరే. బతికున్నోళ్ళే ఎక్కాలి."

కొలత టేపు తెస్తాడనుకున్నాను. నన్ను లాక్కెళ్ళి తడి ఇసుకలో నిలబెట్టాడు. నురగ దగ్గరికి రాగానే నా కాళ్ళు వాటంతటవే ఎడమైపోయాయి. ఆ పాదాల గుర్తుల మీద వంగి జానలు వేశాడు. "బరువుదేవుంది, కాటా ఎక్కితే తెలుత్తాది. బెదురు కొలవాల. బెదిరినోడు కాళ్ళెంత ఎడంగా పెడతాడో, బోర్డు అంత ఎడల్పుండాల." నేనూరుకుంటానా! "ఓలమ్మో, అయితే నాకు గుమ్మం తలుపు కూడా సాలదు మావా," అన్నాను. ఐసుపెట్టెలకి వాడే ఫోమ్‌ని కోసి, పైన ఫైబర్ వేసి, నిజంగానే తలుపంత బోర్డు చేశాడు. మూతి గుండ్రంగా ఉంచాడు. కోసుగా ఉంటే అందంగా ఉండేది కదా అని సణిగాను. "కోసుమూతిది బేగెల్తాది. పొడుగుది తిన్నగా ఎల్తాది. పొట్టిది సెప్పినమాటింటాది. నీకిప్పుడు బేగెల్లాల్సిన పనేటి? పడకుండా ఉంటే సాలు."

అలల్లేని ఒక పొద్దున్న, గుండె లోతు నీళ్ళలో నిలబడి బోర్డు తోక పట్టుకున్నాడు. ఏడుస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాను, ఏడుస్తూనే లేచాను. ఒక్క తెడ్డు వేశానో లేదో బోర్డు తిరగలిలా గిర్రున తిరిగింది. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు ఒకటే నవ్వు. "ఎర్రయ్యా, బోర్డని సెప్పి గానుగ సేసేవేటి?" మావ తల గోక్కున్నాడు. బోర్డు తిన్నగా పోవడానికి అడుగున ఉండాల్సిన రెక్క ఆయన పెట్టనే లేదు. "ముల్లులాటిది కిందుంటే, ఒడ్డుకొచ్చినప్పుడు ఇసకలో దిగబడి తిరగబడిపోద్ది అనుకున్నాను గదే!" తెప్పలు ఇసుక మీదికి లాగినవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఎప్పుడు నీళ్ళలో పడ్డానో, ఎప్పుడు లేచానో! నవ్వు ఆగాక చూసుకుంటే గుండె లోతు సముద్రంలో నిలబడి ఉన్నాను.

రెక్క పెట్టాక రోజూ వెళ్ళేవాళ్ళం. కొన్నాళ్ళకి బోర్డు ఊగడం మొదలుపెట్టింది. నా కాళ్ళలోనే బలం లేదనుకున్నాను. ఒకరోజు పనికి పెందలాడే వచ్చేసరికి, మావ దాని అంచులు చెక్కి కొత్త ఫైబర్ పరుస్తూ దొరికిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు సెప్పకుండా ఎడల్పు తగ్గించేత్తన్నావా?" అని మీద పడ్డాను. "నీ బెదురు నీకు సెప్పే తగ్గిందేటి?" అని తన పని తాను చేసుకున్నాడు. అలా ఎన్నిసార్లు తగ్గించాడో నాకు తెలియదు. తలుపు కాస్తా కిటికీ రెక్కంత అయింది. నేను అలల మీదికి వెళ్ళడం నేర్చాను. ఒడ్డున పిల్లలు ఈలలు వేసేవారు. ఇక నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

"ఇంకో వేలెడు తగ్గించు మావా," అన్నాను ఒకరోజు. పెద్ద అలల మీద బేగి తిరగాలంటే వెడల్పు అడ్డొస్తోంది.

"నేదు."

"ఏం? నాకిప్పుడు బెదురు నేదు."

చేతిలో గరుకు కాగితం కింద పెట్టి, ఎప్పుడూ మాట్లాడని మాట మాట్లాడాడు. "ఆ రోజు గాలి సూసి అందరం తెప్పలు పైకి లాగేసేం. ఎల్లొద్దురా బావా అని కాళ్ళు పట్టుకున్నాను. మీ అయ్యకి బెదురు నేదే అమ్మీ. ఎలిపోనాడు. నాను బెదిరేను, ఒడ్డునుండిపోనాను. అందుకే ఉన్నాను. నీకా వేలెడు ఉండనీ." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, నేనూ తుడవలేదు. ఇద్దరం మళ్ళీ పనిలో పడ్డాం.

ఊపిరితిత్తులు పాడై మావ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు బోర్డు కోసం వచ్చినవాళ్ళని నేను మొదట బరువు అడగను. ఇసుకలో నిలబెట్టి, నురగ వచ్చినప్పుడు కాళ్ళెంత ఎడమవుతాయో చూస్తాను. నా బోర్డు మాత్రం ఆయన వదిలేసిన వెడల్పులోనే ఉంది. ఇప్పుడు నా చేతిలోనే అంచులు చెక్కే మిషను ఉంది, తగ్గించుకోవడం ఒక పూట పని. తగ్గించుకోవాలని లేదు. తగ్గించమని ఆయన్ని పోరాలని ఉంది. "ఇంకో వేలెడు మావా" అని నేనంటే, తలెత్తకుండా ఆయన "నేదు" అనడం ఇంకొక్కసారి వినాలని ఉంది.