పెళ్లి జాకెట్టు రెండో చెయ్యి

మా పాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఆ పొద్దున ఫ్యాన్ రొద తప్ప తెర మీద ఏమీ రాలేదు. చిలకలగూడలో మా ముందుగదే నా ఎంబ్రాయిడరీ దుకాణం. మిషన్ కోసం నేను గీసుకున్న డిజైన్లన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. పైగా పక్క వీధి అమ్మాయి పెళ్లికి నాలుగు రోజులే ఉంది. ఆ పిల్ల జాకెట్టుకి ఒక చెయ్యి నెమళ్లతో పూర్తయింది, రెండోది ఇంకా మొదలే పెట్టలేదు.

ఆ నెమళ్లు మిషన్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో కూడా ఉన్నాయిలే అని ధైర్యం తెచ్చుకుని, జరీ దారం కోసం మోండా మార్కెట్‌కి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మా ఆయన మొహం వెలిగిపోతోంది.

"లోపలి ర్యామ్ చిప్పు తీసి రబ్బరుతోని రుద్దిన, ఆన్ అయింది! మన ఫొటోలన్నీ బ్యాకప్ సుత తీసిన."

"దేంట్ల తీసిన్రు?"

"మిషన్‌కున్న గీ పెన్‌డ్రైవ్‌ల. దీంట్ల ఏందో ఫైళ్లుండె, ఎంత నొక్కినా ఓపెన్ గాలె. వైరస్ అనుకొని తీసేసిన."

"వైరసా! అయ్యో, అవి నా నెమళ్లు!"

దారం కండెలు చేతిలోంచి జారి గదంతా దొర్లాయి. ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాను. ఆ మహాతల్లి అన్ని ఫొటోలూ కాపీ చేసిపెట్టి మళ్లీ కన్నుమూసింది! ఈసారి ఎంత రుద్దినా లేవలేదు. రిపేరు షాపుకి తీసుకెళ్తే అతను ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ రెండూ తిప్పి చూసి, "వారం పడ్తది మేడం, వస్తదని గ్యారంటీ సుత లేదు" అన్నాడు. దారి పొడుగునా మా ఆయన్ని తిడుతూనే ఇల్లు చేరాను.

ఇంకేం చేస్తాను? మిషన్ కొన్నాక మూలన పడేసిన సూది తీశాను. పూర్తయిన చెయ్యి ఎదురుగా పెట్టుకుని, చూసుకుంటూ రెండోది కుట్టాను. మొదటి నెమలికి మెడ వంకర పోయింది, విప్పి మళ్లీ కుట్టాను. రెండు రోజులు వంట కూడా మా ఆయనే చేశాడు.

పెళ్లికూతురు వచ్చి రెండు చేతుల గుడ్డలూ పక్కపక్కన పరిచింది. నేను కుట్టిన నెమళ్ల మీద వేలు పెట్టింది.

"అక్కా, గిది మిషన్ మీద కుట్టింది గాదు గదా?"

దొరికిపోయాననుకున్నాను. "చేత్తోనే కుట్టిన చెల్లె..." అని నసిగాను.

"మస్తున్నది అక్కా! ఆ మిషన్ చెయ్యి సుత గిట్లనే చేత్తోని కుట్టియ్యరాదు? అమ్మ దగ్గర గీ గుడ్డనే ఇంకో ముక్క ఉన్నది, తెస్త."

పెళ్లి ఎల్లుండి. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.