తోమాసు తగాదాలు

తోమాసుకు తగాదా లేనిదే పొద్దు గడవదు. అన్నం లేకపోయినా ఉంటాడు, కునుకు లేకపోయినా ఉంటాడు, ఎదుటి మనిషితో నాలుగు మాటలు పెంచుకోకపోతే మాత్రం ఒళ్ళు వెచ్చబడుతుంది. ఢిల్లీ మునిర్కాలో అతను అద్దెకుండే ఇంటాయన గేదెకూ అతనికీ కూడా మాటల్లేవని, ముందు మొహం తిప్పుకున్నది గేదేనని క్లాసులో చెప్పుకునేవారు.

అది తొంభై ఆరో సంవత్సరం. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో రేడియోగ్రఫీ బి.ఎస్సీ. చదివేవాళ్ళలో తెలుగువాళ్ళు ఇద్దరే. చివరి ఏడాదిలో బాపట్ల తోమాసు, మొదటి ఏడాదిలో ఒంగోలు అనుగ్రహ. ఆమెను ఎక్స్‌రే గదిలో పని నేర్చుకొమ్మని తోమాసు దగ్గరే వేశారు. మనవాడే కదా అని అనుగ్రహ సంబరపడింది. ఆ సంబరం మొదటి పేషెంటు వచ్చేదాకా ఉంది.

వచ్చినాయన రిటైరైన హెడ్మాస్టరు. దగ్గీ దగ్గీ నడుం వంగిపోయి ఉన్నాడు. తోమాసు ఆయన్ని నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి ఫిల్ము తీశాడు. డార్క్‌రూములో దాన్ని కడిగి, తడిఫిల్ము పట్టుకొని బయటికొస్తూనే, "మాస్టర్‌జీ, మఫ్లర్ అలాగేనా చుట్టేది? పిల్లలకిదేనా నేర్పింది?" అని హిందీలో అందుకున్నాడు. ఆయన దగ్గు మరిచిపోయి మండిపడ్డాడు. వెళ్తూ వెళ్తూ ఫిర్యాదు రాసిచ్చి మరీ వెళ్ళాడు.

ఇలాంటి ఫిర్యాదుల వల్ల తోమాసుకు ప్రాక్టికల్స్‌లో ఎప్పుడూ మార్కుల కోతే. అనుగ్రహను మాత్రం పాఠాలు చెప్పే మేడమ్ మెచ్చుకునేది. ఆ పిల్లది మెత్తని మాట, అంతకంటే మెత్తని మొహం. మనసులో ఏముందో అద్దంలో చూపించినట్టు చూపించే మొహం.

చలికాలం ఎక్స్‌రే గది బయటి వరండా నిండిపోయేది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చినవాళ్ళు కంబళ్ళు కప్పుకొని, దగ్గుతూ, రక్తం పడిన గుడ్డలు మడిచి దాచుకుంటూ కూర్చునేవారు. వంతు రాగానే అందరూ అడిగేది ఒకటే: "ఏముంది?" చెప్పే అధికారం ఫిల్ము తీసేవాళ్ళకు లేదు. డాక్టరే చెప్పాలి. ఆ డాక్టరు దాకా చేరకుండానే కొందరు పోయేవారు.

జనవరిలో గోవిందరాజులు వచ్చాడు. పాలకొల్లు మనిషి. ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు కుర్రాళ్ళకు మెస్సు నడిపేవాడు. ఆదివారం అక్కడ తోమాసు పెట్టే పేచీ వినడానికే కొందరు ఆ వేళకు భోజనానికి వచ్చేవారు.

"ఇది చారా బాబాయ్, చేతులు కడుక్కోమని పోశావా?"

"అందుకే పోశాను. తాగమన్నదెవర్రా?"

అతను ఎక్స్‌రేకు వచ్చిన రోజు తోమాసు వార్డులో ఉన్నాడు. ఫిల్ము అనుగ్రహే తీసింది. కడిగి వెలుతుర్లో పెట్టి చూసింది. కుడి ఊపిరితిత్తి పైభాగమంతా తెల్లగా ముద్దకట్టి, నడుమ గుంటపడి ఉంది. అలాగే బయటికొచ్చింది. గోవిందరాజులు ఫిల్ము వంక చూడనే లేదు. ఆమె మొహం చూశాడు.

"వస్తానమ్మా," అన్నాడు.

"ఉండండి బాబాయ్ గారూ, డాక్టర్ని కలవాలి."

"కలిసినట్టేలే తల్లీ."

ఆమె వెనకే పరుగెత్తింది గానీ, అతను ఆ జనంలో కలిసిపోయాడు.

సంగతి విన్న తోమాసు తెల్లకోటు విప్పి ఆమె చేతిలో పెట్టి, బస్సెక్కి మెస్సుకు పోయాడు. పొయ్యి ఆర్పేసి ఉంది. గోవిందరాజులు గిన్నెలన్నీ గోతాంలో కడుతున్నాడు. ఊరెళ్ళిపోయి అక్కడే కన్నుమూద్దామని.

"ఫిల్ము పాడుచేసి, ఇక్కడ గిన్నెలు సర్దుకుంటున్నావా బాబాయ్?" అన్నాడు తోమాసు గుమ్మంలోంచే.

"నేనేం పాడుచేశాన్రా?"

"కదలొద్దంటే కదిలావు. ఆ పిల్ల ఇంకా పని నేర్చుకుంటోంది. ఫిల్ము చెడిందని బిక్కమొహం వేసుకొని బయటికొస్తే, చెప్పాపెట్టకుండా లేచొచ్చేస్తావా?"

గోవిందరాజులు చేతిలో తాడు ఆగిపోయింది. "ఆ అమ్మాయి మొహం అలా పెట్టింది... అందుకా?"

"మరెందుకనుకున్నావు?"

"నేను కదల్లేదురా. రాయిలా నిలబడ్డాను!"

"రాయికి దగ్గొస్తుందా? పద, ఎవరిది తప్పో డాక్టరు ముందే తేలుద్దాం."

"పదరా!"

బస్సులో తగాదా. దిగాక తగాదా. మెట్లెక్కలేక గోవిందరాజులు ఆయాసపడితే, అతని రెక్క పట్టుకొని ఎక్కిస్తూ కూడా తగాదానే. డాక్టరు గదిలోకి నెట్టాకే తోమాసు నోరు మూశాడు.

క్షయ. బాగా ముదిరింది గానీ మందులున్నాయన్నాడు డాక్టరు. మెస్సు మూతపడింది. ఆ ఊపిరితిత్తి మళ్ళీ మునుపటిలా కాలేదు. మనిషి మాత్రం దక్కాడు.

"అబద్ధమెందుకు చెప్పావన్నయ్యా?" అని అడిగింది అనుగ్రహ.

"నిజం చెప్పడం మన పని కాదు కదా. నా మొదటి ఏడాదిలో పేషెంటు ఒకామె నా మొహం చూసే కూలబడిపోయింది. మళ్ళీ లేవలేదు. కోపమొచ్చిన మనిషి మన మొహంలో ఇంకేమీ వెతకడు, అనుగ్రహా. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే." అంతటితో ఊరుకోలేదు. "అయినా కోటు అలాగేనా మడిచేది?"

కొన్నాళ్ళకు హర్యానా నుంచి ఒక ముసలామె వచ్చింది. ఆ ఫిల్ము చూడగానే అనుగ్రహకు సంగతి అర్థమైంది. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, బయటికొచ్చి, సన్నని గొంతుతో, "తాయీజీ, ఈ స్వెటర్ ఎవరల్లారు? ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి!" అంది హిందీలో.

ముసలామె భగ్గుమంది. ఊరు ఊరంతటికీ స్వెటర్లు అల్లిన చేతులివి, నీకు సూది పట్టుకోవడమైనా వచ్చా అని వరండా అదిరిపోయేలా తిడుతూ, అనుగ్రహ వెంట డాక్టరు గదిదాకా నడిచివెళ్ళింది.

తిరిగొస్తున్న అనుగ్రహకు తోమాసు ఎదురొచ్చి, "గొంతు చాల్లేదు," అన్నాడు.

"చాల్లేదా? చెవుల్లో దూది పెట్టుకున్నావా? తప్పుకో, అవతల పేషెంట్లున్నారు!"

తోమాసు నవ్వుతూ తప్పుకున్నాడు.